పేరు తెలియని న్యూపోర్ట్ ఓడ: నడుము భాగం 1:10 నమూనా, పని డైరీ

ఏం కడుతున్నాం, ఎంత కడుతున్నాం

వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో, అస్క్ నది పడమటి ఒడ్డున, 2002లో రివర్‌ఫ్రంట్ థియేటర్ కట్టడానికి నేల తవ్వుతుంటే ఆర్కెస్ట్రా గుంట కోసం తీసిన చోట బురదలో ఒక పెద్ద చెక్క ఓడ బయటపడింది. 15వ శతాబ్దపు సరుకుల ఓడ. పేరు ఇప్పటికీ తేలలేదు కాబట్టి ఊరి పేరే పెట్టి పిలుస్తున్నారు. అసలు పొడవు 30 మీటర్ల పైమాటే. మొత్తం ఓడను 1:10లో కట్టాలంటే మూడు మీటర్ల బల్ల కావాలి, తయారయ్యాక అది గుమ్మం దాటి బయటికి రాదు. అందుకని నడుము దగ్గర 240 మి.మీ. ముక్క, అంటే అసలు ఓడలో 2.4 మీటర్లు, మాత్రమే తీసుకున్నాం. కీల్ (ఓడ అడుగున వెన్నెముక లాంటి దూలం) నుంచి కుడి పక్కన 14 పలక వరుసలు, ఎడమ పక్కన 8 వరుసలు, లోపల పక్కటెముకల్లాంటి 6 ఫ్రేములు. కుడి ఎడమలు సమానంగా లేకపోవడం కావాలని చేసిందే. మరమ్మతు కోసం నిలబెట్టిన ఓడ కుడివైపుకి ఒరిగిపోయింది, ఆ పక్క బురదలో కూరుకుపోయింది. బురదలో ఉన్న పక్క నిలిచింది, గాలి తగిలిన పక్క పోయింది. నమూనా కూడా ఆ తేడా చూపించాలి.

1:10 ఎందుకంటే న్యూపోర్ట్‌లో అసలు ప్రాజెక్టు వాళ్లు వాడిన స్కేలు కూడా అదే. వాళ్లు ఒక్కో చెక్క ముక్కను త్రీడీలో కొలిచి, నైలాన్ పొడిని లేజర్‌తో కరిగించే యంత్రంతో చిన్న ముక్కలు చేయించి, సన్న స్క్రూలతో బిగించి ఓడ ఆకారం తెప్పించారు. మనం చెక్కతో చేస్తున్నాం. ఇంకో లాభం ఉంది: 1:10లో 3 సెం.మీ. పలక 3 మి.మీ. అవుతుంది. దానికి మేకు కొట్టొచ్చు, చిత్రిక పట్టొచ్చు. 1:20కి దిగితే మేకులు అలంకారమే తప్ప దేన్నీ పట్టి ఉంచవు.

ఈ నమూనాలో పలకల మధ్య జిగురు వాడటం లేదు. బిగింపు అంతా మేకులదే. కారణం కింద వస్తుంది.

కొలతలు ఎక్కడి నుంచి

యార్క్ విశ్వవిద్యాలయంలోని ఆర్కియాలజీ డేటా సర్వీస్‌లో ఈ ఓడ రికార్డులు, నిపుణుల నివేదికలు అందరికీ తెరిచి పెట్టారు. ఫారోఆర్మ్ అనే కీళ్ల చేయి లాంటి కొలత పరికరంతో ప్రతి ముక్క అంచులు, మేకు రంధ్రాలు, గొడ్డలి గాట్లు, చెక్క నార దిశ, అన్నీ వేర్వేరు రంగు గీతలుగా గీశారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేరుగా ఓడ మొత్తం ఆకారం చూపించే బొమ్మ దగ్గరికి వెళతారు. మేం అది పక్కన పెట్టాం. ఆ బొమ్మ ఎవరో ఆలోచించి తేల్చిన ఫలితం. ముక్కల డ్రాయింగులు సాక్ష్యం.

ముక్కల డ్రాయింగుల్లో కూడా దేన్ని నమ్మాలి అన్నది పెద్ద ప్రశ్న. ఐదు వందల ఏళ్లు బురద బరువు కింద ఉన్న పలక వంపు పోయి చదునైపోతుంది, లేదా లేని వంపు తెచ్చుకుంటుంది. కాబట్టి పలక వంపును నమ్మలేం. వెడల్పును కొంత అనుమానించాలి. కానీ నార వెంబడి పొడవు మాత్రం దాదాపు మారదు. ఓక్ ఎండినా నార వెంబడి కుదింపు అర శాతం కూడా ఉండదు, అడ్డంగా అయితే దానికి ఎన్నో రెట్లు కుదించుకుంటుంది. అంటే ఒక పలక అంచున వరుసగా ఉన్న మేకు రంధ్రాల మధ్య దూరాలు ఓడ కట్టిన రోజు ఎంత ఉన్నాయో ఇప్పుడూ దాదాపు అంతే.

పై పలక, కింది పలక ఒకదాని మీద ఒకటి ఉంచి ఒకే బరమాతో ఒకేసారి రంధ్రం వేస్తారు. అందుకే కింది పలక పై అంచు రంధ్రాలూ, పై పలక కింది అంచు రంధ్రాలూ కలిసి తీరాలి. అవి కలిసేటట్టు పలకలు పేర్చుకుంటూ పోతే వంపు దానంతట అదే వస్తుంది. ఓడ ఆకారం మనం ఇవ్వక్కర్లేదు, రంధ్రాలు ఇస్తాయి. జిగురు వద్దన్నది ఇందుకే. జిగురు పెడితే కలవని రంధ్రాలను కూడా కలిసినట్టు పట్టి ఉంచుతుంది, పొరపాటు కనబడకుండా పోతుంది.

పని ఇలా: ఒక్కో పలక డ్రాయింగును 1:10లో ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి, రంధ్రాలను సూదితో పొడిచి, రెండు వరుస పలకల కాగితాలను లైటు మీద ఒకదానిపై ఒకటి పెట్టాలి. ప్రింటర్ నూటికి ఒకటో రెండో శాతం పొడవు మారుస్తుంది కాబట్టి ప్రతి షీటు మీద 100 మి.మీ. గీత గీసి ప్రింటు తీసి, స్కేలుతో చూసుకోవాలి. రెండు వరుసలూ ఒకే చోట కలవకపోతే మూడు కారణాలుంటాయి. ముక్క విరిగి రెండుగా రికార్డయి ఉండొచ్చు. తరువాతి మరమ్మతులో కొత్త రంధ్రం పడి ఉండొచ్చు, అలాంటప్పుడు దగ్గర దగ్గరగా రెండు రంధ్రాలు కనిపిస్తాయి. లేదా అక్కడ థియేటర్ పునాది కోసం నేలలోకి దిగ్గొట్టిన కాంక్రీటు స్తంభం, అంటే పైలు, పలకను చీల్చుకుని దిగి ఉండొచ్చు. ఓడ ఉందని తెలియకముందే దిగ్గొట్టిన పైల్స్ చాలాచోట్ల పలకలను గుచ్చేశాయి.

చెక్క

అసలు ఓడలో కీల్ బీచ్ అనే చెట్టు చెక్క, మిగతా చాలావరకు ఓక్. ఓక్ దుంగల్ని రంపంతో కోయలేదు. ఇనుప చీలలు దిగ్గొట్టి, మధ్య నుంచి బెరడు వైపుగా చీల్చి, గొడ్డలితో చదును చేశారు. అలా చీల్చిన పలకలో నార ఎక్కడా తెగదు, వార్షిక వలయాలు పలక ముఖానికి నిలువుగా ఉంటాయి, అందువల్ల తడికి ఎండకి వంకర తిరగదు.

నమూనాకి కీల్ కోసం స్టీమ్ బీచ్, అంటే ఆవిరి పట్టిన బీచ్ చెక్క, మన కలప దుకాణాల్లో దొరుకుతుంది, అదే వాడాం. పలకలకు ఓక్ వద్దు. ఓక్ చెక్కలో కంటికి కనబడే రంధ్రాలుంటాయి, 1:10లో అవి పలక మీద గుంటల్లా కనబడతాయి. టేకులో జిడ్డు ఉంటుంది, పైగా సన్న బద్ద అంచు దగ్గర మేకు దిగితే చీలుతుంది. కొండపల్లి బొమ్మల పొనికి తేలిక, చెక్కడానికి హాయి, కానీ మేకు బిగించగానే వాషరు చెక్కలోకి దిగబడిపోతుంది. ఏటికొప్పాక వాళ్లు లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర సరిగ్గా సరిపోయింది. సన్నటి నార, రంధ్రాలు కనబడవు, అంచు పదునుగా నిలుస్తుంది. దాని లోపం ఒకటే: మాను సన్నం, వెడల్పాటి పలక రాదు. మనకు కావలసింది 25 మి.మీ. వెడల్పే కాబట్టి ఇబ్బంది లేదు.

అంకుడు ముక్కల్ని కోసేటప్పుడు వార్షిక వలయాలు పలక ముఖానికి నిలువుగా వచ్చేలా తిప్పి పెట్టుకుని కోయాలి. అడ్డదిడ్డంగా కోసిన బద్దలు వానాకాలంలో దోనెలా వంగుతాయి. 3.5 మి.మీ.కి కోసి, కనీసం కొన్ని వారాలు గాలాడే చోట పేర్చి ఉంచి, తరువాత 3 మి.మీ.కి చిత్రిక పట్టాలి. ముందే 3 మి.మీ.కి దించేస్తే వంకర తీయడానికి మందం మిగలదు.

లెక్క: పలకలు 22 వరుసలు. ఒక్కొక్కటి 25 మి.మీ. వెడల్పు, అందులో 6 మి.మీ. కింది పలక మీద ఎక్కుతుంది, 19 కనబడుతుంది. మేకులు 16 మి.మీ.కి ఒకటి, ఒక్కో వరుసకి 15, మొత్తం 330. పలకలు కలిసే ఏడు అతుకులకు నాలుగేసి చొప్పున 28. మేకులు, వాషర్లు చెరో నాలుగు వందలు చేసి పెట్టుకుంటే చాలు. ఫ్రేములకు చెక్క సీలలు 132, తయారుచేసేది 150. ఈ కొలతలు మా నమూనా కోసం గుండ్రంగా చేసుకున్నవి, ప్రతి పలక అసలు వెడల్పు డ్రాయింగు ప్రకారమే పోతుంది.

మేకులు, వాషర్లు

ఓడలో ఇనుప మేకు బయట నుంచి లోపలికి దిగి, లోపల చిన్న ఇనుప పలక లాంటి వాషరు గుండా పొడుచుకు వస్తుంది. మిగిలిన కొనను కత్తిరించి సుత్తితో నలగ్గొడితే తల కడుతుంది. తీస్తే రాదు.

నమూనాలో ఇనుము వద్దు. 0.8 మి.మీ. రాగి తీగ తీసుకుని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాలి. అప్పుడది మెత్తబడుతుంది. కాల్చని తీగను సుత్తితో కొడితే కొన నలగకుండా మధ్యలో వంగి పలకను లోపలి నుంచి చీల్చేస్తుంది. తలసూదులు వాడదామనిపిస్తుంది కానీ అవి ఉక్కు, నలగవు. తల కట్టడానికి ఉక్కు పట్టీలో 0.8 రంధ్రం వేసి, తీగను అందులోంచి 1 మి.మీ. పైకి వదిలి వైసులో బిగించి రెండు దెబ్బలు వేయాలి. తల కాకుండా మేకు పొడవు 7 మి.మీ.: రెండు పలకలు 6, వాషరు 0.2, నలగ్గొట్టడానికి 0.8.

వాషర్లు 0.2 మి.మీ. రాగి రేకుతో. ముందు 3 మి.మీ. వెడల్పు పట్టీలు కత్తిరించి, పట్టీ పొడవునా 3 మి.మీ.కి ఒకటి చొప్పున సూదితో 0.7 రంధ్రాలు పొడిచి, ఆ తర్వాతే చతురస్రాలుగా తుంచాలి. ముందే తుంచితే ఆ చిన్న ముక్కను పట్టుకుని రంధ్రం వేయడం ఎవరి వల్లా కాదు. రంధ్రం 0.7 ఎందుకంటే వాషరు తీగకు గట్టిగా పట్టుకోవాలి, సుత్తి దెబ్బకు ముందు జారిపోకూడదు.

చెక్కలో రంధ్రం సరిగ్గా 0.8 ఉండాలి, ఎక్కే 6 మి.మీ. భాగంలో మధ్యన, రెండు అంచులకూ 3 మి.మీ. దూరంలో. అంచుకు 2 మి.మీ. కంటే దగ్గరైతే అంకుడు కూడా చీలుతుంది. బయట తలకు ఇనుప దిమ్మ ఆనించి లోపల కొట్టాలి. దిమ్మ సరిగ్గా ఆనకపోతే తల లేస్తుంది, వాషరు వైపు బిగుస్తుంది, పలకల మధ్య సందు అలాగే ఉంటుంది. లోపల నుంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకే ప్రతి వరుస అయ్యాక 0.1 మి.మీ. ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నటి రేకు) సందులోకి దూర్చి చూస్తున్నాం.

పలకలు ముందు, ఫ్రేములు తర్వాత

మనకు అలవాటైన పద్ధతిలో కీల్ మీద పక్కటెముకలు నిలబెట్టి, ఆపైన పలకలు తాపుతారు. ఈ ఓడది తిరగేసిన క్రమం. ముందు పలకల్ని ఒకదాని అంచు మీద ఒకటి, పెంకుటింటి కప్పు మీద పెంకులు ఎక్కినట్టు ఎక్కించి మేకులు బిగిస్తూ పైకి వెళతారు. డొక్క, అంటే ఓడ బయటి గోడ, నిలబడ్డాక ఫ్రేముల్ని దాని లోపలి మెట్లకు తగ్గట్టు చెక్కి అమర్చి చెక్క సీలలు దిగ్గొడతారు. క్లింకర్ ఓడ అంటే ఇదే. పటుత్వం పలకల అంచుల్లోని మేకులది.

నమూనా కిట్లు కట్టి అలవాటున్నవాళ్లు ఇక్కడే దారి తప్పుతారు. ఫ్రేములు ముందు కోసి వాటి మీద పలకలు అతికిస్తే, ఆకారం ఫ్రేములది అవుతుంది, రంధ్రాల మాట ఇక వినబడదు. మేం మూడు తాత్కాలిక అట్ట అచ్చులు మాత్రం పెట్టాం, అవి కూడా పలకకు తగలకుండా 2 మి.మీ. లోపలికి. పక్కకు ఒరగకుండా ఆపడానికే అవి.

మొదటి పలక, గార్బోర్డు, కీల్ అంచు మీద కూర్చుంటుంది. ఇక్కడ కోణం అర డిగ్రీ తేడా ఉన్నా పైదాకా మోసుకుపోతుంది. తర్వాతి ప్రతి పలకకూ కింది పలక పై అంచు బయటి ముఖాన్ని 6 మి.మీ. మేర ఏటవాలుగా చిత్రిక పట్టాలి. పై పలక ఏ కోణంలో నిలబడాలో ఆ ఏటవాలే నిర్ణయిస్తుంది. లెక్క వేసుకుని చూడండి: ఒక్కో వరుసలో ఒక్క డిగ్రీ చొప్పున ఒకే వైపు పొరపడితే 14వ పలక 14 డిగ్రీలు వాలి ఉంటుంది, దాని పై అంచు ఉండాల్సిన చోటు నుంచి సుమారు 35 మి.మీ. పక్కకు జరిగి ఉంటుంది. అసలు ఓడలో అది 35 సెం.మీ. అందుకే ప్రతి మూడు వరుసలకూ ఒకసారి రెండు చోట్ల అడ్డ వెడల్పు కొలిచి రాసుకోవాలి. కోణం కొలిచే పరికరాల కంటే ఇది నమ్మకం.

నడుము భాగం ఎంచుకోవడంలో ఒక సౌకర్యం ఉంది. ఇక్కడ పలకలు పొడవునా దాదాపు తిన్నగా నడుస్తాయి కాబట్టి ఆవిరి పట్టి వంచే పని లేదు. ముక్కు దగ్గర అయితే పలక వంగుతూ మెలితిరుగుతుంది, ఆ భాగం వేరే ప్రాజెక్టు.

పలకలు పొడవులో కలిసే చోట రెండు కొనల్నీ ఏటవాలుగా పలచన చేసి ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తారు. బయట కనబడే కొన వెనక్కి, అంటే చుక్కాని వైపుకి తిరిగి ఉండాలి. ముందుకు తిరిగితే ఓడ నడిచినంతసేపూ నీళ్లు ఆ పెదవి కింద దూరుతూ లేపుతాయి. నమూనా ఏ కొన ముందో మొదటే కీల్ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకోవాలి. 240 మి.మీ. ముక్కకు ముందూ వెనకా కంటికి తెలియదు.

సందుల్లో వెంట్రుకలు

అసలు ఓడలో పలక మీద పలక ఎక్కే చోట తారులో తడిపిన జంతువుల వెంట్రుకల పొర ఉంది. దాన్ని పలకల్ని బిగించాక సందులో కూరరు. కింది పలక అంచు మీద ముందే పరిచి, పై పలకను దాని మీద ఉంచి మేకులతో నొక్కుతారు. మేకు బిగించే కొద్దీ ఆ పొర నలిగి ప్రతి గుంటనీ నింపుతుంది.

నమూనాలో నల్ల ఊలు దారంలో ఒక్క పోగు విడదీసి, తేనెమైనంలో కొంచెం మసి కలిపి కరిగించి అందులో ముంచి, ఎక్కే భాగం మధ్యన పరుస్తున్నాం. రెండు పోగులు పెడితే పని చెడుతుంది. పొర మందమైతే పై పలక కింది అంచు బయటికి తెరుచుకుని, మళ్లీ కోణం తప్పుతుంది. మైనం చల్లారితే గట్టిపడి నలగదు, కాబట్టి ఒక వరుస పలకంతా పరిచి కూర్చోకుండా, మూడు నాలుగు మేకుల మేర పరుస్తూ, హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబరుస్తూ, మధ్య నుంచి రెండు కొనలకూ బిగించుకుంటూ పోవాలి. కొనల నుంచి మధ్యకు వస్తే మధ్యలో పలక ఉబ్బుతుంది, దాన్ని ఏ మేకూ దించలేదు.

ఇంకొకటి. మైనం తగిలిన చెక్కకు ఆ తర్వాత రంగు గానీ నూనె గానీ పట్టదు. బయటికి ఉబికిన మైనాన్ని వెంటనే వెదురు పుల్లతో గీకేయాలి. తుడిస్తే నారలోకి పాముతుంది.

ఫ్రేములు

నమూనా పనిలో అన్నిటికన్నా ఎక్కువ చెక్క చెత్తబుట్టలోకి పోయేది ఈ దశలోనే. ఫ్రేము బయటి ముఖాన్ని పలకల మెట్లకు సరిపడేలా మెట్లు మెట్లుగా చెక్కాలి. మా ఫ్రేములు 20 మి.మీ. వెడల్పు, మధ్యలో 20 మి.మీ. ఖాళీ. కీల్ మీదుగా రెండు పక్కలకూ వెళ్లే అడుగు చెక్క ఒకటి, దానికి పైన అతికే చెక్కలు.

క్రమం ఇది. కాంటూర్ గేజిని (ఒత్తితే ఆకారం పట్టే పుల్లల పరికరం) డొక్క లోపలికి నొక్కి మెట్ల ఆకారం తీసుకోవాలి. దాన్ని అట్ట మీద దించి కోసి, అట్టనే డొక్కలో పెట్టి సరిచూడాలి. అట్ట కుదిరాక చెక్క మీద గీయాలి, గీతకు 1 మి.మీ. బయటగా కోయాలి. పలకల లోపలి ముఖానికి సుద్ద రాసి, ఫ్రేమును దించి నొక్కి తీస్తే తగిలిన చోట సుద్ద అంటుతుంది. అక్కడ మాత్రమే ఉలితో తీయాలి. మళ్లీ దించాలి. ఒక్కసారిగా ఎక్కువ తీస్తే ఆ ఫ్రేము పనికిరాదు, సందు పూడ్చడానికి మార్గం లేదు.

మెట్టు లోపలి మూలను కత్తిలా పదునుగా చెక్కకండి. అక్కడ అర మిల్లీమీటరు వదులు ఉండనివ్వండి. మూలలో ఒత్తిడి పడితే ఫ్రేము అక్కడి నుంచే పగులుతుంది. వాషర్లు కూడా అడ్డం వస్తాయి: మేకులు ముందే బిగించాం కాబట్టి కొన్ని వాషర్లు ఫ్రేము కిందకి వస్తాయి, ఒక్కొక్కటి అర మిల్లీమీటరు పైగా ఎత్తు. ఆ చోట ఫ్రేములో చిన్న గుంట తీయకపోతే ఫ్రేము వాషర్ల మీద నిలబడుతుంది, పలకకు తగలదు. ఒకసారి ఫ్రేము బిగిశాక దాని కింది మేకును మార్చడం కుదరదు. అసలు ఓడకైనా అంతే. ఫ్రేము వేసేముందు ఫీలర్ గేజితో చివరిసారి చూసుకోమనేది అందుకే.

బిల్జ్, అంటే అడుగు పక్కకు తిరిగే మలుపు, దగ్గర ఫ్రేము బాగా వంగుతుంది. తిన్నని చెక్కలోంచి ఆ వంపు కోస్తే మలుపు దగ్గర నార అడ్డంగా తెగుతుంది, సీల కొట్టగానే విరుగుతుంది. పాత ఓడల వడ్రంగులు సహజంగా వంగిన కొమ్మల్ని వెతికి తెచ్చేవాళ్లు. మేమూ వంగిన అంకుడు కొమ్మలే తీసుకున్నాం. అట్ట నమూనాను కొమ్మ మీద తిప్పి తిప్పి చూసి, నార వంపు వెంబడి నడిచే చోట గీయాలి. కొమ్మ మధ్య గుజ్జు భాగం ఫ్రేములోకి రాకుండా చూడాలి, అది ఎండాక నెర్రె విచ్చుతుంది.

అడుగు చెక్కల కింద, కీల్‌కి ఇరుపక్కలా, నీళ్లు పారడానికి చిన్న గాడి పెట్టాలి. అది లేకపోతే ఫ్రేముల మధ్య చేరిన నీరు పంపు దగ్గరికి చేరే దారే ఉండదు.

చెక్క సీలలు

అసలు సీలలు ఓక్. మేం వెదురు తీసుకున్నాం. ఉక్కు పట్టీలో 3.5, 3.2, 3.0 మి.మీ. రంధ్రాల గుండా వరుసగా లాగితే గుండ్రటి పుల్ల వస్తుంది. 3.5 నుంచి నేరుగా 3.0కి దూకితే నార చీరుకుపోతుంది. బయటి పచ్చ పొర దగ్గరి వెదురే గట్టిది, లోపలి భాగం పారేయాలి. సీలల్ని టేబుల్ ల్యాంపు కింద బాగా ఎండబెట్టి దిగ్గొడితే తర్వాత గాలిలోని తేమకు కాస్త ఉబ్బి బిగుస్తాయి. వాన రోజుల్లో తేమతో ఉన్నవి దిగ్గొడితే ఎండాకాలానికి వేళ్లతో లాగినా వచ్చేస్తాయి. రంధ్రం బయట నుంచి లోపలికి వేయాలి, లోపల ఒక చెక్క ముక్క ఆనించి. లేకపోతే ఫ్రేము లోపలి ముఖం పెచ్చులు లేస్తుంది.

అసలు చెక్క ఏమైంది

పోలిక కోసం ఫోటోలు చూసేవాళ్లకి ఒక హెచ్చరిక: తవ్వినప్పటి ఫోటోల్లోని చెక్క, ఇప్పుడున్న చెక్క ఒకే రూపంలో ఉండవు.

నీట నానిన ఓక్‌లో కణాల గోడలు సగం తినేసి ఉంటాయి. ఆకారాన్ని నిలబెట్టేది నీరే. అలాగే ఎండనిస్తే నీరు ఆవిరయ్యేటప్పుడు దాని తలతన్యత బలహీనపడ్డ గోడల్ని లోపలికి లాగి కూల్చేస్తుంది, పలక ముడుచుకుని పగులుతుంది. అందుకే ఓడను ముక్కలుగా విప్పి, మొదట నీళ్ల తొట్లలో ఉంచారు. విప్పడం సాధ్యమైంది కూడా ఎందుకంటే ఇనుప మేకులు చాలావరకు తుప్పుగా మారి బలం కోల్పోయాయి. ఆ తుప్పే తర్వాత సమస్య. చెక్కలో మిగిలిన ఇనుము, బురదలోంచి చేరిన గంధకం కలిసి, గాలి తగిలాక ఆమ్లం పుట్టించి చెక్కను లోపల నుంచి తింటాయి. అమ్మోనియం సిట్రేట్ ద్రావణంలో నానబెట్టి ఇనుమును వీలైనంత లాగేశారు. తర్వాత పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థాన్ని నీటి స్థానంలోకి ఎక్కించి, గడ్డకట్టించి, శూన్యంలో మంచును నేరుగా ఆవిరిగా పంపారు. ద్రవ దశే రాదు కాబట్టి గోడల్ని లాగే బలమూ ఉండదు. రెండు వేలకు పైగా ముక్కలకు ఇది చేయడానికి ఏళ్లు పట్టింది. చివరి విడత న్యూపోర్ట్‌కి తిరిగి వచ్చింది 2023లో.

ఇంత చేసినా చెక్క కొంత కుదించుకుంటుంది, ముఖ్యంగా అడ్డంగా. కాబట్టి శుద్ధికి ముందు తీసిన కొలతలే నమూనాకి వాడాలి. రికార్డుల్లో రెండు దశల కొలతలూ కనబడితే తేదీ చూసి ఎంచుకోండి.

పేరు సంగతి

నమూనా కింద పెట్టే పలక మీద ఏం రాయాలన్నది ప్రతిసారీ చర్చకొస్తుంది. తెలిసింది ఇంత. పలకల ఓక్ బాస్క్ ప్రాంతానిది, చెట్లు కొట్టింది 1449 ప్రాంతంలో. కీల్‌కీ ముందు కొమ్ముకీ (ముక్కు దగ్గర పైకి లేచే దూలం) అతుకులో చిన్న గూడు తొలిచి ఒక ఫ్రెంచి వెండి నాణెం పెట్టారు, పెటీ బ్లాంక్, 1447లో ముద్రించింది. శిలువ గుర్తున్న ముఖం పైకి తిప్పి మరీ పెట్టారు. కట్టేటప్పుడు శుభం కోసం పెట్టింది తప్ప జారిపడ్డది కాదు. ఓడలో దొరికిన పోర్చుగీసు నాణేలు, కుండ పెంకులు అది ఏ దారిన తిరిగిందో చెబుతాయి. ఓడ కింద ఆసరాగా పెట్టిన కలప 1468 ప్రాంతంలో కొట్టింది, అంటే న్యూపోర్ట్‌కి చేరింది ఆ రోజుల్లోనే.

1469లో ఇంగ్లండ్ ప్రభువు వార్విక్ ఎర్ల్ న్యూపోర్ట్‌లో ఓడ పనికి డబ్బులు చెల్లించమని రాసిన ఉత్తరం ఒకటుంది. ఊరూ కాలమూ కలిశాయి, అందరికీ అదే ఓడ అనుకోవాలనిపిస్తుంది. కానీ ఆ ఉత్తరంలో ఓడ పేరు లేదు, అస్క్ ఒడ్డున ఆ ఏడాది పనిలో ఉన్న ఓడ ఇదొక్కటే అనడానికీ ఆధారం లేదు. మా పలక మీద "న్యూపోర్ట్ ఓడ, నడుము భాగం, 1:10" అని ఉంటుంది, ఎర్ల్ పేరు ఉండదు.

నాణెం గూడు ముందు కొమ్ము దగ్గర ఉంది కాబట్టి మా ముక్కలోకి రాదు. దాన్ని చూపాలనే ఆశతో నడుములో ఎక్కడో ఒక నాణెం అతికించడం మాత్రం చేయకండి.

ఇప్పుడు పని ఎక్కడుంది

పలకలు రెండు పక్కలా పూర్తి. నాలుగు ఫ్రేములు సీలలతో బిగిశాయి, రెండు సుద్ద దశలో ఉన్నాయి. కుడి పక్క అడ్డ వెడల్పు డ్రాయింగుతో పోలిస్తే 14వ వరుస దగ్గర 3 మి.మీ. ఎక్కువ వస్తోంది. మైనం పొర మందమే కారణమని లెక్క చెబుతోంది. రంధ్రాలు కలిశాయి కాబట్టి దాన్ని విప్పడం లేదు.

మిగిలినవి: బయట నుంచి వేసిన ఒక మరమ్మతు అతుకు, 1 మి.మీ. పలచటి పలక, కింద ఊలు పొర, చుట్టూ సన్న మేకులు. దానికి 0.5 తీగ వాడాలి, 0.8 తీగ పలచటి పలకను చీలుస్తుంది. ఆ తర్వాత ఫ్రేముల మీదుగా పొడవునా పోయే స్ట్రింగర్లు. ఇవి ఫ్రేముల మీద గాడులతో కూర్చుంటాయి కాబట్టి ఆరు ఫ్రేముల లోపలి ముఖాలూ ఒకే వరుసలో ఉన్నాయా అని దారం లాగి చూడాలి. ఎత్తుగా ఉన్న ఫ్రేమును చెక్కడం కంటే స్ట్రింగర్ గాడిని లోతు చేయడం మేలు, సీల తలలు తెగకుండా ఉంటాయి.

పైలు గుచ్చుకున్న చోట పలక లేకపోతే ఏం చేయాలన్నది ఒక్కటే తేలాల్సింది. లేని పలకను ఊహించి పూరిస్తే ఎడమ పక్క అందంగా వస్తుంది, కానీ చూసేవాళ్లకి అది సాక్ష్యమో మన చేతిపనో తెలియదు. ప్రస్తుతానికి అక్కడ రంగు వేయని బాల్సా బద్ద పెట్టి, రెండు కొనలకూ ఒక్కో స్క్రూ బిగించాం. పైలు చుట్టుపక్కల మిగిలిన పలక ముక్కల రికార్డులు వెతికి, వాటి రంధ్రాలు పై వరుసతో కలిస్తే బాల్సా తీసేసి అంకుడు వేస్తాం.